సరిచేసిన వంపు

పూతలపట్టు కూడలి దగ్గర వడ్రంగి పరంధామయ్య చేతిలో వంకర చెక్క మిగలదని పేరు. తలుపు చెక్క వంగితే తడి గోనెపట్టా కప్పి, పైన రాళ్ళు పేర్చి, ఎండలో పెట్టి దారికి తెచ్చేవాడు.

అందుకే కూతురు లోహిత మంచుమీద జారేందుకు కాళ్ళకు కట్టుకునే పొడుగాటి పలకలు, తన స్కీలు తెచ్చి, "నాయనా, బూటు తగిలించే కాడ మరలు వదులైనాయి, బిగించి పెట్టు" అన్నప్పుడు ఆయన కన్ను మరల మీద నిలవలేదు. ఎవరో వాడి అమ్మిన పాత జత అది. నేలమీద పెడితే రెండూ నడుమ పైకి లేచి ఉన్నాయి.

"మన పక్క మంచు యాడుండాదప్పా, మీ పాప జారేదానికి? ఐసు ఫ్యాక్టరీలోనా?" అన్నాడు టీ అంగడి వరదయ్య.

"నువ్విచ్చే టీ ఉండాది గదా, అంత సల్లంగా. దానిమీద జారతాదిలే," అన్నాడు పరంధామయ్య.

కాలేజీ రోజుల్లో ఎన్.సి.సి. శిబిరానికి హిమాలయాలకు పోయి లోహిత నేర్చుకున్న ఆట అది. ఇప్పుడు పెద్ద శిక్షణకు మనుషుల్ని ఎంచే పోటీ. ఆమె వయసుకు ఇదే ఆఖరు. అలాంటి పోటీకి బిడ్డను వంకర చెక్కలతో ఎలా పంపేది? తల్లి బతికుంటే ఆ మాట తానే ముందు అడిగేది. పరంధామయ్య మరలు బిగించి, స్కీలను రాళ్ళ కింద పెట్టాడు. లోపలి జిగురు ఎండకు మెత్తబడి, అవి నేలకు ఆనుకునేదాకా వదల్లేదు. ఆపైన గోనెలో పెట్టి కుట్టేశాడు. లోహిత ఆ మూట అలాగే రైలెక్కించింది.

మంచు కొండ మీదినుంచి ఫోను వచ్చింది.

"నాయనా, నడుమ వంపు ఏమైంది?"

"వంకర తీసేసినా పాపా. బల్లపరుపుగా ఉండాయి సూడు," అన్నాడు మెప్పు కోసం ఎదురుచూస్తూ.



"అది వంకర కాదు నాయనా. మనిషి ఎక్కితే ఆ వంపు అణిగి, బరువు ముందుకీ వెనక్కీ పాకతాది. అప్పుడే ఇనుప అంచు పొడుగునా మంచును పట్టుకుంటాది. ఇప్పుడు బరువంతా నా కాళ్ళ కిందే ఉండాది. వేగానికేం, పోతాది. తిప్పితే కొసలు పట్టవు. రెండు స్కీల అడుగులూ కలిపి పట్టుకుంటే నడుమ వెలుగు కనపడాల నాయనా."

"మళ్ళీ వంచుకుంటే?"

"నిలవదు."

"ఎవురన్నా ఒక జత ఇయ్యరా?"

"నా బూట్లకు పట్టవు. పిలస్తా ఉండారు, పోతాండా."

మూడో మలుపులో ఆమె తిరగలేక, దారికి హద్దుగా పాతిన జెండాలు దాటి జారిపోయింది. పోటీ అక్కడితో సరి.

ఇల్లు చేరిన బిడ్డను ఆయన ఒకటే అడిగాడు. "మోకాళ్ళు బాగుండాయా?"

"బాగుండాయి నాయనా."

ఆ మాటకే మనసులో చేతులెత్తి మొక్కాడు.

టీ తెచ్చిన వరదయ్య, "ఏమైంది పాపా?" అన్నాడు.

"మంచు బాగలేదు మామా," అంది లోహిత, తండ్రి వైపు చూడకుండా.

ఆమె లోపలికి పోయాక పరంధామయ్య రెండు స్కీల అడుగులూ కలిపి, వాకిట ఎండకు ఎదురుగా ఎత్తి పట్టాడు. వెంట్రుకంత వెలుగు కూడా దూరలేదు. ఆయన చేతిలో ఏ రెండు చెక్కలూ ఎన్నడూ అంత బాగా కుదరలేదు.