నా సవతి పెళ్లిచూపులు

నేను ఒక ఇంజన్ని. కడుపులో మంట పెట్టుకునే పుట్టినదాన్ని. కాబట్టి నా మాటల్లో కాస్త కుళ్ళు కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

గడ్డి కోసే మిషన్ల మీద బిగించే చిన్న ఇంజన్ల ఫ్యాక్టరీ ఒకటి కోయంబత్తూరు అవతల ఉండేది. అక్కడ నన్ను పోతపోసి, సానబట్టి, పచ్చరంగు మూత తొడిగి పెట్టెలో పెట్టారు. నాది టూ స్ట్రోక్ జాతి. మాకు ఉత్త పెట్రోలు పనికిరాదు, అందులో ఆయిల్ కలిపి పోయాలి. ఆ ఆయిల్ కూడా పెట్రోలుతోపాటే మండి నీలం పొగై పోతుంది. తాగిన పెట్రోలులో కొంత అసలు మండకుండానే పొగగొట్టం దారి పడుతుందట. ఈ సంగతి నాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. నేను పుట్టిన రోజుల్లో పొగ బాగా వస్తే ఇంజన్ బాగా పనిచేస్తోందనే అనుకునేవాళ్ళు. నేనూ అలాగే అనుకుని గర్వపడ్డాను.

విశాఖపట్నంలో, కిర్లంపూడి లేఅవుట్‌లో ఓడ సరుకుల వ్యాపారి ఒకాయన ఉండేవాడు. ఎదురింటాయన లాన్ వేయించాడని ఈయనకు నిద్రపట్టక తనూ వేయించాడు. ఎదురింట్లో కత్తెరతో కోస్తున్నారని తెలిసి నన్ను కొన్నాడు. అంటే నేను ఈ ఊరికి రావడమే ఒక మనిషి ఓర్వలేనితనం మీద స్వారీ చేస్తూ వచ్చాను. ఆయన ఆ గడ్డి మీద కాలు పెట్టడం నేను ఏనాడూ చూడలేదు. నన్ను నడిపింది తోటమాలి పైడయ్య.

ఆ తరవాత బంగళా పడగొట్టి ఫ్లాట్లు కట్టారు. లాన్ ఉన్నచోట కార్లు నిలబెట్టారు. వ్యాపారి ఇల్లు వదిలి పోతూ పోతూ, "ఈ మిషను నువ్వే ఉంచుకోవయ్యా" అని పైడయ్యతో అన్నాడు. అలా నేను పెదవాల్తేరులో ఒక రేకుల ఇంటికి కాపురానికి వెళ్ళాను.

కాపురం అని ఊరికే అనలేదు. పైడయ్య పొద్దున లేస్తూనే ముందు నా దగ్గరికి వచ్చేవాడు. పాత బనీను ముక్కతో నా మూత తుడిచేవాడు, ప్లగ్గు విప్పి ఊదేవాడు, స్టార్ట్ చేసే తాడు ఒకసారి వదులుగా లాగి చూసేవాడు. టీ ఆ తరవాతే. అతని భార్య సూరీడమ్మ గుమ్మంలో గ్లాసు పట్టుకుని నిలబడి, "నా మొకం ఒక్కనాడైనా అలగ తుడిసినావేటి మావా?" అనేది. అతను నవ్వి ఊరుకునేవాడు. ఆ మాట వినడం నాకెంత ఇష్టమో చెప్పలేను.

ముగ్గురం కలిసే పనికి వెళ్ళేవాళ్ళం. నన్ను రిక్షాబండిలో ఎక్కించి పైడయ్య తొక్కేవాడు. నేను దొర్లిపోకుండా సూరీడమ్మ పక్కన కూర్చుని ఒక చేత్తో పట్టుకునేది. బంగళా తరవాత బంగళా. అతను నన్ను తోసుకుంటూ ముందు నడిస్తే, ఆమె పళ్ళకర్రతో వెనకాలే వంగి కోసిన గడ్డి పోగుచేసి గోనెసంచిలోకి ఎత్తేది. అతని చేతులు నా మీద ఉన్నంతసేపూ అతను నావాడే. ఆమె వెనకెక్కడో ఉండేది. ఆ ఏర్పాటు నాకు బాగా నచ్చింది.

ఆమెకు దగ్గు ఎప్పుడు మొదలైందో నేను గమనించలేదు. నా మోతలో దగ్గు ఏం వినబడుతుంది? పైడయ్యే ఒకరోజు వెనక్కి తిరిగి చూసి, ఆమె పళ్ళకర్ర మీద వాలి నిలబడి ఉండడం చూశాడు. మంచు కురిసే పొద్దుల్లో గాలి కదలదు. అప్పుడు నా పొగ పైకి పోకుండా గడ్డిని పట్టుకుని పాకుతుంది. ఆమె వంగి పనిచేసేది సరిగ్గా ఆ ఎత్తులోనే.

అతను తోచిన వైద్యమంతా నాకు చేయించాడు. కొత్త సైలెన్సర్ పెట్టించాడు. కార్బురేటర్ కడిగించాడు. ఆయిల్ తగ్గించి పోశాడు. ఆ పూట నేనూ నా శక్తికొద్దీ పొగ తగ్గించాలని చూశాను. కానీ ఆయిల్ చాలక పిస్టన్ వేడెక్కి పట్టేసినంత పనైంది. నాలో ఏదో రాసుకుంటున్న చప్పుడు విని అతనే భయపడి మళ్ళీ పాత కొలతకు వచ్చాడు. నా పొగ నా పుట్టుకలోనే ఉంది. దాన్ని ఏ మెకానిక్ తీయగలడు?

"ఇంటికాడుండిపోయే సూరీడూ. నానొక్కడ్నీ సూసుకుంటాను" అన్నాడు పైడయ్య ఒక సాయంత్రం.

నిజం చెబుతున్నాను, ఆ మాటకు నేను పొంగిపోయాను. ఇక రిక్షాలో ఇద్దరమే.

"ఇంటికాడుండి ఏటి సెయ్యమంటావు, గోడలు లెక్కెట్టుకోమంటావేటి?" అంది ఆమె. "ఆ తోటలు నావి కూడాను. నాను రాకపోతే నువ్వు మూలమూలకీ గడ్డి ఒగ్గీసి వొచ్చేస్తావు."

మర్నాడు ఎప్పటిలాగే వచ్చి నా పక్కన కూర్చుంది. నన్ను పట్టుకున్న చెయ్యి సన్నబడి ఉంది. అయినా నాకు జాలి కలగలేదు. రాకపోతే ఏం పోయింది అనుకున్నాను.

వానలు వెలిసిన రోజుల్లో డాక్టర్ మనోరమ గారి బంగళాకు వెళ్ళాం. ఆవిడ పెద్దాసుపత్రిలో చేసి రిటైరైన మనిషి. గడ్డి మోకాలెత్తు పెరిగి తడిగా ఉంది. తడిగడ్డి కోయడం ఇంజన్‌కు కష్టం. నేను మూలుగుతూ, మామూలుకంటే ఎక్కువ కక్కుతూ పోతున్నాను. లాన్ సగం అయిందో లేదో, పైడయ్య చేతులు పిడి మీద నుంచి ఉన్నట్టుండి లేచిపోయాయి.

అతను నన్ను ఆపలేదు. అన్నేళ్ళలో నన్ను ఆపకుండా వదిలిపోవడం అదే మొదటిసారి. సూరీడమ్మ గడ్డిలో మోకాళ్ళ మీద కూలబడి ఉంది. నోరు తెరిచి ఉంది గానీ గాలి లోపలికి పోవడం లేదు. "సూరీడూ! ఓలె సూరీడూ!" అని నా మోతను మించి అరుస్తూ అతను ఆమె వీపు నిమురుతున్నాడు. నేను లాన్ మధ్యలో ఒంటరిగా నిలబడి మోగుతూనే ఉన్నాను. నా పొగ మెల్లగా వాళ్ళ వైపే పోతోంది.

వరండాలోంచి డాక్టర్ గారు పరుగెత్తుకొచ్చారు. "ముందు ఆ మిషను ఆపవయ్యా!" అని కేక వేశారు.

పైడయ్య వచ్చి స్విచ్చి వెతకలేదు. ఉత్తచేత్తో నా ప్లగ్గు వైరు పట్టి లాగేశాడు. షాక్ కొట్టి ఉంటుంది, చెయ్యి విదిలించుకున్నాడు. నా వైపు చూడకుండానే మళ్ళీ ఆమె దగ్గరికి పరుగెత్తాడు.

డాక్టర్ గారు ఇంట్లో ఉన్న మందేదో ఆవిరిగా పట్టించారు. చాలాసేపటికి సూరీడమ్మ పెదాలకు రంగు వచ్చింది. ఆవిడ ఆమెను మెట్ల మీద కూర్చోబెట్టి, పైడయ్యను పక్కకు పిలిచారు.

"దుమ్ము దగ్గు కాదయ్యా ఇది, ఉబ్బసం. మందులు రాస్తాను, వాడించు. కానీ రోజూ ఆ పొగ వెనకాలే నడిస్తే నా మందులేం చేస్తాయి? ఆవిడనన్నా మానిపించు, ఆ ఇంజన్నన్నా మానిపించు."

పైడయ్య అప్పుడు నా వైపు చూశాడు. ఎంతసేపు చూశాడో! అతను నన్నే ఉంచుకుంటాడని నాకు గట్టి నమ్మకం. ఆమె ఇంట్లో ఉంటుంది, మందులు వాడుతుంది, నలుగురూ చేసేది అదేగా!

ఇంటికి వచ్చాక పైడయ్య రిక్షా దిగి, "ఇంజన్ మార్సీద్దాం" అన్నాడు.

"దాన్ని మారిస్తే నువ్వు అన్నం మానేస్తావు మావా" అంది సూరీడమ్మ.

"మానను."

అంతే. నా బతుకు ఆ ఒక్క మాటతో తేలిపోయింది.

సూరీడమ్మ చిట్టీ పాడింది. నన్ను మిషనుతో సహా జోగారావు దుకాణానికి తీసుకెళ్ళారు. పంపుసెట్లు, ఇంజన్లు అమ్మే దుకాణం అది. నన్ను గుమ్మం దగ్గర పెట్టి వాళ్ళిద్దరూ బల్ల మీద కూర్చున్నారు. ఇంట్లో మొదటి భార్య ఉండగానే రెండో సంబంధం చూడడానికి వెళ్ళి, ఆమెనే గడపలో కూర్చోబెడితే ఎలా ఉంటుంది? నాకు అలాగే ఉంది.

జోగారావు నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "దీని సిలిండరుకే బోరు సేయించి కొత్త పిస్టన్ ఏసీమంటే ఏసెస్తాను. కొత్తదానిలాగే కొట్టుకుంటాది" అన్నాడు. అతని నోట్లో పెట్రోలు పొయ్యాలనిపించింది.

"పొగ మాటేటి?" అంది సూరీడమ్మ.

"పొగంటే... టూ స్ట్రోక్ కదమ్మా, అదెక్కడికి పోద్ది?"

"అయితే వొద్దు."

తరవాత కరెంటుది చూపించాడు. పొగ లేదు, వాసన లేదు. కానీ దాని వెనక వైరు లాగుతూ తిరగాలి. "బంగళావోళ్ళు మంచినీళ్ళే గేటు బయట ఇస్తారు, కరెంటు ఇస్తారేటి?" అన్నాడు పైడయ్య. బ్యాటరీది ఇంకా ముద్దుగా ఉంది. రెండు లాన్లు కోసేసరికి దానికి నీరసం వస్తుందని జోగారావే ఒప్పుకున్నాడు. వీళ్ళ పని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా. నేను లోలోపల ఒక్కొక్కరినీ సాగనంపుతున్నాను.

చివరికి ఫోర్ స్ట్రోక్‌లు రెండు దించాడు. వాటికి ఆయిల్ వేరు, పెట్రోలు వేరు. ఆయిల్ లోపలే తిరుగుతుంది గానీ మండదు. వాల్వులు తలమీద ఉంటాయి కాబట్టి తాగిందంతా ఒద్దికగా మండించుకుంటుందట. ఒకటి ఎర్రది, బాగా పెద్దది. రెండోది బూడిదరంగుది, చిన్నది. పైడయ్య కళ్ళు ఎర్రదాని మీద పడ్డాయి. మగవాళ్ళ చూపు ఎక్కడ పడుతుందో నాకు తెలియనిదా?

"పవరెక్కువ. అడివైనా కోసేస్తాది" అన్నాడు జోగారావు.

"మేం అడివి కొయ్యం గదా" అంది సూరీడమ్మ. "రెండూ స్టార్ట్ సెయ్యండి బాబూ."

ఎర్రది స్టార్ట్ చేశారు. ఆమె లేచి దాని వెనక్కి వెళ్ళింది. చేతిలో పళ్ళకర్ర లేదన్న మాటే గానీ, లాన్‌లో ఎలా వంగుతుందో అలాగే వంగి నిలబడి గాలి పీల్చింది. కాసేపటికి ముక్కు నలుపుకుని, "వేడెక్కువ కొడతన్నాది. కళ్ళు మండుతున్నాయి" అని వచ్చేసింది.

"మీ బ్లేడుకి అంత పెద్దది ఉత్తినే పెట్రోలు తాగీడానికే" అన్నాడు జోగారావు. ఆ మాట ముందే అనకూడదా? అదీ వ్యాపారం.

బూడిదరంగుదాన్ని స్టార్ట్ చేశారు. ఒక్క లాగుకే అందుకుంది. ఆ చప్పుడు కూడా ఒక చప్పుడేనా అనుకున్నాను. సూరీడమ్మ దాని వెనక వంగింది. వంగినామె లేవలేదు. జోగారావు పైడయ్య వైపు చూశాడు. పైడయ్య గాభరాగా లేచాడు.

"ఓలె, ఏటైంది?"

"ఏటీ అవలేదు మావా" అంది ఆమె, వంగే ఉండి. "అదే సూస్తన్నాను."

పైడయ్య ఇక ఎర్రదాని వంక చూడలేదు.

నాకు ఒక్క ఆశ మిగిలింది. నా మిషనుకు అది సరిపోకూడదు! కిందికి దిగే ఇరుసు లావు కొలిచారు, సరిపోయింది. బోల్టు కన్నాలు చూశారు, సరిపోయాయి. నన్ను విప్పి నేలమీద పెట్టి, నా కోసం తొలిచిన కన్నాల్లోనే దాన్ని బిగించారు. నా బ్లేడు దాని కింద తిరిగింది. అది చూడకుండా ఉండడానికి ఇంజన్లకు రెప్పలు కూడా లేవు.

"పాతది ఇచ్చేయండి, తగ్గించి తీసుకుంటాను" అన్నాడు జోగారావు. పైడయ్య వద్దని, నన్ను గోనెసంచిలో చుట్టి ఇంటికి తెచ్చి మంచం కింద పెట్టాడు.

మంచం కింద ఉన్న రోజుల్లో నేను మండినంత, పెట్రోలు పోసిన రోజుల్లో కూడా మండలేదు. సాయంత్రం వాళ్ళు రాగానే దాని గొప్పలు మొదలు. సగం పెట్రోలుకే పని అవుతోందట. చెయ్యి తిమ్మిరెక్కడం లేదట. సూరీడమ్మ పూర్తిగా కోలుకోలేదు, మందు పీల్చుకుంటూనే ఉంది. అయినా సందు చివరి దాకా ఆగకుండా నడిచిందట. అది చెడిపోవాలని నేను కోరుకోని పూట లేదు.

ఒకరోజు నిజంగానే ఆగిపోయింది. తెల్లటి పొగ కక్కి, తుమ్మి, ఆగిపోయిందట. పైడయ్య ఇంటికి వచ్చి తల పట్టుకున్నాడు. సంచి తీసి నా వైపు చూశాడు. నేను సిద్ధంగా ఉన్నాను. తాడు లాగితే చాలు!

"మావా, పెట్రోల్లో ఏటైనా కలిపినావేటి?" అంది సూరీడమ్మ.

అతను నాలుక కరుచుకున్నాడు. పొద్దున పరధ్యానంలో నా కొలత ప్రకారమే పెట్రోలులో ఆయిల్ కలిపేశాడు. అన్నేళ్ళ అలవాటు, చేతులు మరిచిపోలేదు. సూరీడమ్మ పడీపడీ నవ్వింది. "దాని కూడు దీనికెట్టినావు!" అంది. అంతలా నవ్వినా ఆమెకు దగ్గు రాలేదు. టాంకు కడిగి, ప్లగ్గు తుడిచేసరికి అది మళ్ళీ మామూలైపోయింది. సంచి మూతి కట్టేశారు. అతని చేతులకు నేను గుర్తున్నానన్న సంతోషం మాత్రం కొన్నాళ్ళు నాకు తిండిగా సరిపోయింది.

తరవాత వాళ్ళు గడ్డి కోసే ఐటీఐ కాలేజీలో షరీఫ్ మాస్టారు పాత ఇంజన్ ఏదైనా ఉంటే పిల్లలకు చూపించడానికి ఇమ్మని అడిగారు. పైడయ్య నన్ను ఒళ్ళో పెట్టుకుని తెచ్చి ఆయన బల్ల మీద దించాడు. మాస్టారు రంపంతో నా పక్క కోయించి, లోపలి గదులకు రంగులు వేయించారు. "ఇదిగో, పెట్రోలు లోపలికి వచ్చే దారి. పొగ పోయే దారీ ఇక్కడే తెరుచుకుంటుంది. అందుకే కొంత మండకుండానే పోతుంది" అని ఏటేటా పిల్లలకు చెబుతారు. నా లోపం నాకే పాఠంగా వినిపిస్తుంటే మొదట్లో సిగ్గేసేది. ఇప్పుడు నేనూ వింటాను.

ఈ గది కిటికీ కింద లాన్ ఉంది. పైడయ్య, సూరీడమ్మ వారానికోసారి వస్తారు. అది వాళ్ళతోనే వస్తుంది. దాని మోత తక్కువ కాబట్టి, దాని మీదుగా మనిషి మాట కిటికీ దాకా వస్తుంది.

"మావా, ఆ మూల ఒగ్గీసినావు."

"సూసినాను."

"సూసి ఒగ్గీసినావేటి?"

"నువ్వున్నావు కదా అడగడానికి."

"రేత్తిరికి నెత్తళ్ళ సేపలు ఏపీమంటావా, పులుసెట్టీమంటావా?"

"మొన్న పులుసే కదా!"

మొదటిసారి విన్నప్పుడు నేను నిర్ఘాంతపోయాను. పనిలో ఉండగా వాళ్ళు మాట్లాడుకోవడం నేనెన్నడూ ఎరగను. అన్నేళ్ళూ అతనికి మాటలక్కర్లేదనీ, నా మోతే చాలనీ అనుకున్నాను. ఆమె అతన్ని పిలవాలంటే మట్టిబెడ్డ విసిరేది. అది కూడా మొరటుతనం అనుకున్నాను. వాళ్ళిద్దరి మధ్య అంతకాలం ఉండి కూడా, తోటల్లో వాళ్ళు చెప్పుకునే కబురు ఒక్కటీ నా చెవిన పడలేదు. పడనివ్వనిది నేనే.

కుళ్ళు తగ్గిందా అంటే, తగ్గలేదు. ఒకప్పుడు దాని పెట్రోలు లెక్క చూసి కుళ్ళాను, దాని మెరుపు చూసి కుళ్ళాను. ఇప్పుడు అవేవీ కావు. అది రోజంతా వాళ్ళతో ఉంటుంది.

ఇవాళ కూడా వచ్చారు. సూరీడమ్మే మిషను తోస్తోంది, పైడయ్య వెనకాల గడ్డి ఎత్తుతున్నాడు. లాన్ చివర మలుపు దగ్గర ఆమె మిషను కాస్త నెమ్మది చేసి, వెనక్కి తిరిగి ఏదో అంది. పైడయ్య సంచి వదిలేసి, నడుం పట్టుకుని, పగలబడి నవ్వాడు.

ఏమందో నాకు వినబడలేదు. దానికి వినబడింది.