చెయ్యి దిగిపోయిన స్టాపు

పెద్దాపురం దాటాక మొదటి మలుపు స్టాపులో హేమసుందరి కుడి చెయ్యి బస్సు దిగిపోతుంది.

హేమసుందరి ఆ బస్సు కండక్టరు. కుడి చేత్తో పై రాడ్డు పట్టుకుని, అదే భుజానికి బరువైన సంచీ తగిలించుకుని "లోపలికి జరగండమ్మా" అంటుండగా ఆ చెయ్యి రాడ్డు వదిలేస్తుంది. జనంలోంచి దారి చేసుకుని మెట్లు దిగుతుంది. నెత్తురు చుక్క రాలదు. చొక్కా చెయ్యి మాత్రం ఖాళీగా ఊగుతుంది.

హేమసుందరి ఎడమ చేత్తో రాడ్డు పట్టుకుంటుంది.

"ఎవరమ్మా దిగింది?" అని అడుగుతాడు డ్రైవరు సత్యానందం.

"నా చెయ్యి, బాబాయ్."

"అది దిగాల్సింది ఇక్కడేనా?"

ఆమెకి తెలీదు. తెలీనప్పుడు బస్సు ఆపి ఉంచకూడదు కాబట్టి సత్యానందం గేరు మారుస్తాడు.

చెయ్యి చెప్పకుండా ఏమీ పోలేదు. చిటికెన వేలూ ఉంగరపు వేలూ ఏడాదిగా తిమ్మిరెక్కుతున్నాయి. జడ వేసుకోబోతే చెయ్యి సగంలో బరువెక్కి జారిపోయేది. ఒక్కోసారి మంచుగడ్డలా చల్లబడి పాలిపోయేది. ఒక డాక్టరు మెడ అరిగిందన్నాడు. ఇంకొకాయన గుండె చూసి భేషుగ్గా ఉందన్నాడు. మొగుడు వీర్రాజు మాత్రం, "డ్యూటీ అనగానే వస్తుంది నీకు తిమ్మిరి" అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఖాళీ చొక్కా చేతిని వీర్రాజు తడిమి చూస్తాడు. ఇద్దరూ ఫిజియోథెరపీ చేసే నఫీసా దగ్గరికి వెళ్తారు. నఫీసా గది హేమసుందరి భుజంలోనే ఉంది. తలుపు మెడ పక్కన గుంటలో ఉంది. హేమసుందరి తల వంచి తన లోపలికి తనే వెళ్తుంది. వెనకాల వీర్రాజు.

పైకప్పు ఆమె కాలర్ ఎముక. నేల మొదటి పక్కటెముక. మధ్యలో మనిషి నిటారుగా నిలబడే వీల్లేదు. మోకుల్లాంటి తెల్లటి నరాలు, పక్కనే రెండు రక్తనాళాలు, పైకప్పుకీ నేలకీ మధ్య నలిగిపోతున్నాయి.

"చేతికి వెళ్లేవన్నీ ఈ సందులోంచే వెళ్లాలి" అంటుంది నఫీసా, చాప మీద కూర్చుని. "సందు ఇరుకైతే వచ్చే జబ్బు ఇది. థొరాసిక్ అవుట్‌లెట్ సిండ్రోమ్ అంటారు. ఏదీ, ఆ సంచీ ఒకసారి తగిలించుకోండి."

హేమసుందరి తగిలించుకుంటుంది. పైకప్పు కిందికి దిగి వీర్రాజు భుజాల మీద కూర్చుంటుంది. అతను కెవ్వుమంటాడు. అతని వేళ్లు చచ్చుబడతాయి. మొహం తెల్లబోతుంది.

"ఇంత ఇరుకా? ఇందులోనా నువ్వు రోజంతా..."

"చెప్పాను కదండీ."

అతను వంగి, ఆమె భుజం మీది సంచీ తనే తీస్తాడు.

"ఎముక కొయ్యాలా అమ్మా?" అంటుంది హేమసుందరి.

"అందరికీ అక్కర్లేదు. స్కాన్ చూశాను, రక్తనాళంలో గడ్డ లేదు. ఎప్పుడైనా చెయ్యి ఉన్నట్టుండి వాచి నీలంగా మారితే మాత్రం నా దగ్గరికి కాదు, నేరుగా ఆసుపత్రికి పరుగెత్తండి. సంచీ నడుముకి కట్టుకోండి. చెయ్యి తిరిగొచ్చాక తలపైకి ఎత్తి ఉంచొద్దు. భుజాలు బిగబట్టొద్దు. ఇప్పుడు ఊపిరి తియ్యండి. ఛాతీతో కాదు, పొట్టతో."

ఆమె తీస్తుంది. పైకప్పు వేలెడు లేస్తుంది. ఎక్కడో కాలవకి నీళ్లు వదిలిన చప్పుడు.

చెయ్యి తను దిగిన స్టాపులోనే బెంచీ మీద కూర్చుని ఉంటుంది. బస్సు ఆగినప్పుడల్లా హేమసుందరి దిగి పలకరిస్తుంది. అది అటు తిరుగుతుంది. ఆమె రోజూ ఊపిరి తీస్తుంది, నఫీసా చెప్పినట్టు మెడ సాగదీస్తుంది, ఎడమ పక్కకి తిరిగి పడుకుంటుంది. వానలు వెళ్లి మంచు పడే రోజులకి గదిలో నఫీసా లేచి నిలబడగలుగుతుంది. బెంచీ మీది చెయ్యి వెచ్చబడుతుంది.

ఒక పొద్దున అది తనంతట తనే బస్సెక్కి చొక్కా చేతిలో దూరుతుంది. హేమసుందరి బిత్తరపోయి చూసుకుంటుంది. చిటికెన వేలు లేదు.

"అది వెనక బస్సుకి వస్తుందిలే. సీటు దొరికుండదు" అంటాడు సత్యానందం.

ఆమె ఏడుస్తూనే నవ్వుతుంది. రైట్ చెప్పబోతూ కిటికీలోంచి చూస్తుంది.

రోడ్డు పొడుగునా కరెంటు స్తంభాలు భుజాల మీది తీగల్ని దించి మెల్లగా పొలాల మీద పరుస్తున్నాయి. నిప్పురవ్వ ఒక్కటీ లేదు. ఒక్కొక్కటీ గట్టు మీద చతికిలబడి పొట్ట నిండా ఊపిరి తీస్తోంది. తీసినప్పుడల్లా దూరంగా చేల చివర ఆకాశం నేల మీంచి బెత్తెడు పైకి లేస్తోంది. ఆ సందు కింద, ఇన్నాళ్లూ ఇరుకులో దారి లేక అవతలే వరసలో నిలబడ్డవాళ్ల తడి పాదాలు కనిపిస్తున్నాయి. ఒక పాదం లోపలికి వస్తోంది.