కొవాలిక్ పెరట్లో ఐదు బంతులు

1957 ఆగస్టులో ఒక బేస్‌బాల్ ఆటలో క్లెమ్ హార్బిసన్ విసిరిన బంతి రే కొవాలిక్ ఎడమ కంటి కింద ఎముకను పగలగొట్టింది. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. ప్రేక్షకుల్లో మూడో వరుసలో కూర్చున్నాను. తర్వాత జాన్స్‌టౌన్‌లో మాంసం కొట్టు పెట్టుకున్నాక, దుంగ మీద బరువైన కత్తి దిగిన ప్రతిసారీ ఆ చప్పుడే వినిపించేది.

కొవాలిక్ పడిపోయి కాళ్ళు కొట్టుకున్నాడు. ముక్కులోంచి, కంట్లోంచి కారిన రక్తంతో దుమ్ము ముద్దయింది. రెండు జట్లవాళ్ళూ మైదానంలోకి దూకి ఒకరినొకరు పిడికిళ్ళతో బాదుకున్నారు. హార్బిసన్ మాత్రం విసిరినచోటే, చేతులు వేలాడేసి నిలబడ్డాడు. చెమటకు బంతి జారిందని మర్నాడు పేపర్లు రాశాయి. కొవాలిక్‌కు కన్ను పోయింది, ఆట పోయింది. అప్పటికి అతనికి ఇరవైమూడేళ్ళు.

నా పేరు వెర్న్ హుడాక్. ఆ కాలంలో బబుల్‌గమ్ పొట్లాల్లో వచ్చిన ఆటగాళ్ళ కార్డులు సేకరిస్తాను. కొంతకాలానికి కార్డులు ఉండటం ఒక్కటే చాల్లేదు. వాళ్ళు ఎక్కడున్నారో వెతికి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాను. కార్డుతోపాటు స్టాంపు అంటించిన కవరు పెడితే సంతకం చేసి పంపేవారు. కొందరు నాలుగు మాటలు కూడా రాసేవారు. కొందరి తరఫున భార్యలు, ఆయన పోయి రెండేళ్ళయిందని రాసేవారు. ఒహాయోలోని స్టూబెన్‌విల్‌లో, బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే బౌలింగ్ ఆటశాలలో యంత్రాలు బాగుచేసే కొవాలిక్ వారంలోనే సంతకం పంపాడు. హార్బిసన్ మూడు ఉత్తరాలకు పలకలేదు. నాలుగోది రాశాక, 1984 వసంతంలో, నేరుగా నా కొట్టుకే ఫోన్ చేశాడు.

కొవాలిక్ ఇల్లు తెలుసా అని అడిగాడు. తెలుసన్నాను. తీసుకెళ్తావా, అతనికి ఒక మాట చెప్పాలి అన్నాడు. ఏం మాటో నేను అడగలేదు. ఆ ఇద్దరి మధ్య కూర్చోబోతున్నానన్న సంబరం తప్ప నాకప్పుడు మరొకటి తోచలేదు.

మే నెలలో ఒక శనివారం పొద్దున్న వెస్ట్ వర్జీనియా వెళ్ళి అతన్ని ఎక్కించుకున్నాను. పెట్రోలు బంకు నడుపుకుంటూ ఒంటరిగా ఉంటున్నాడు. దారి పొడుగునా చేతులు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చున్నాడు. నది వంతెన దగ్గరపడ్డాక నోరు విప్పాడు.

"బంతి జారలేదబ్బాయ్. కావాలనే విసిరాను."

బండి నెమ్మది చేశాను. ఇన్నేళ్ళయ్యాక ఆ సంగతి ఆయనకు చెప్పి ఏం లాభం అన్నాను.  వంతెనకు ముందు బండి వెనక్కి తిప్పడానికి చోటుంది. నేను తిప్పలేదు.

కొవాలిక్ పెరట్లో టమాటా నారు నాటుతున్నాడు. హార్బిసన్‌ను పోల్చుకోవడానికి కాసేపు పట్టింది. తర్వాత చేతి మట్టి ప్యాంటుకు తుడుచుకుని వచ్చి, అతని చెయ్యి పట్టుకుని ఊపాడు.

"బొజ్జ బాగా పెంచావే. ఇప్పుడు విసిరితే నీ బంతి సగం దూరం కూడా పోదు."

అతని భార్య లూసిల్ బీరు సీసాలు, హ్యామ్ పెట్టిన రొట్టెలు తెచ్చింది. నీ తప్పేం లేదని ఉత్తరం రాద్దామని ఎన్నోసార్లు అనుకున్నాననీ, ఆ ఎండలో ఎవరి చెయ్యైనా జారుతుందనీ కొవాలిక్ తనంతట తానే చెప్పాడు. హార్బిసన్ సీసా కింద పెట్టాడు.

"జారలేదు రే. తలకే గురిపెట్టాను. ముందురోజు నా బంతిని గోడ దాటించి, పరిగెడుతూ నన్ను చూసి నవ్వావు. నన్నెవరూ ఉసిగొల్పలేదు. నా అంతట నేనే చేశాను."

కొవాలిక్ నములుతున్న ముక్క మింగాడు. లేచి కొట్టంలోకి వెళ్ళి పాత బంతులున్న బకెట్ పట్టుకొచ్చాడు.

"పోయి ఆ కంచె దగ్గర నిలబడు."

లూసిల్ వద్దంది. నేనూ వద్దన్నాను. హార్బిసన్ మా ఇద్దరినీ పట్టించుకోకుండా నడిచివెళ్ళి, చెక్క కంచెకు వీపు ఆనించి, టోపీ తీసి గడ్డి మీద పడేశాడు.

ఒంటికంటివాడికి దూరం అంచనా దొరకదు. మొదటి బంతికి హార్బిసన్ పక్కనున్న చెక్క నిలువునా చీలింది. రెండోది తల మీదుగా పక్కింటివాళ్ళ పెరట్లో పడింది. కొవాలిక్ బకెట్ తీసుకుని పది అడుగులు ముందుకు నడిచాడు. మూడోది పక్కటెముకల మీద తగిలింది. హార్బిసన్ రెండుగా వంగిపోయి, మళ్ళీ మెల్లగా నిటారుగా నిలబడ్డాడు. నేను పరిగెత్తి కొవాలిక్ చెయ్యి పట్టుకున్నాను. అతను మోచేత్తో పొడిచాడు. నా ముక్కు చితికి నోటినిండా రక్తం నిండింది.

అతను ఇంకా ముందుకు నడిచాడు. నాలుగో బంతికి హార్బిసన్ మెడ పక్కన ఎముక విరిగింది. ఆ చప్పుడూ విన్నాను. మోకాళ్ళ మీద పడ్డవాడు కంచె పట్టుకుని లేచాడు. ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

ఐదో బంతిని కొవాలిక్ విసరలేదు. పిడికిట్లో బిగించి, దగ్గరికి వెళ్ళి దవడ మీద గుద్దాడు. మళ్ళీ గుద్దాడు. పళ్ళు చొక్కా మీద రాలాయి. హార్బిసన్ కూలిపోయాడు. కొవాలిక్ వంగి మూడోసారి చెయ్యెత్తేసరికి లూసిల్ ఆ మణికట్టును రెండు చేతులా పట్టుకుని వేలాడింది. ఇద్దరూ అలా చాలాసేపు ఊగారు. చివరికి అతని వేళ్ళు వదులయ్యాయి.

దవడ రెండుచోట్ల విరిగిందన్నారు ఆసుపత్రిలో. పక్కటెముకలు మూడు. మెట్ల మీంచి పడ్డానని హార్బిసన్ పోలీసులకు కాగితం మీద రాసిచ్చాడు. కొవాలిక్ తనే స్టేషన్‌కు వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఫిర్యాదు చేసేవాడు లేడని అతన్ని ఇంటికి పంపేశారు.

రెండు రోజుల తర్వాత వాళ్ళింటికి వెళ్ళి లూసిల్‌కు క్షమాపణ చెప్పాను. వంతెన దగ్గరే నాకు సంగతి తెలిసిందని దాచకుండా చెప్పాను. ఆమె గడపలోనే నిలబడి విన్నది.

"చూడు బాబూ, ఇరవయ్యేడేళ్ళు ఆయన దాన్ని ప్రమాదం అనుకుని బతికాడు. కన్ను పోయిందని ఏడ్చాడు గాని ఎవర్నీ ఒక్క మాట అనలేదు. నీకు దారిలోనే తెలిసిందిగా. బండి వెనక్కి తిప్పడానికి నీకేమొచ్చింది?"

ఇద్దర్నీ ఒకచోట చూడాలనిపించిందని చెప్పాను.

"చూశావుగా," అని తలుపు వేసేసింది.

హార్బిసన్ దవడకు తీగలు కట్టారు. గొట్టంతో సూపు తాగేవాడు. ఆదివారాలు చూడ్డానికి వెళ్ళేవాణ్ణి. ఒకసారి పలక మీద, మళ్ళీ తీసుకెళ్ళు, రే ఇంకా పూర్తిచెయ్యలేదు అని రాశాడు. చచ్చినా తీసుకెళ్ళనన్నాను. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం కొట్లో ఫోన్ మోగింది. తీగలు విప్పినా నోరు సరిగా తెరుచుకోక, హార్బిసన్ మాట నలిగినలిగి వస్తోంది. స్టూబెన్‌విల్ బస్టాండులో ఉన్నానన్నాడు. పొద్దున్నే బస్సెక్కి వచ్చి కొవాలిక్ ఇంటికి వెళ్ళాడట. కొవాలిక్ దోమతెర తలుపు అవతలే నిలబడ్డాడట.

"కొడతాడనుకున్నానబ్బాయ్. చేతులు వదిలేసి నిలబడ్డాను. 'నీకివ్వడానికి నా దగ్గర ఇంకేం లేదు, ఇంటికి పో' అన్నాడు. కోపంగా కూడా అనలేదు."

తర్వాత అవతలినుంచి ఏడుపు తప్ప ఏమీ వినిపించలేదు. అంత పెద్దమనిషి అలా ఏడవడం నేనెప్పుడూ వినలేదు. కదలకుండా అక్కడే కూర్చోమన్నాను. నెత్తురు మరకల ఏప్రన్ విప్పి, కొట్టు మూసి, ఆయన్ను తీసుకురావడానికి బయల్దేరాను.