బయటికెళ్ళిన మూడు మిషన్లు

ఆ రోజు తెల్లారిందని ఆకాశాన్ని చూసి ఎవరూ చెప్పలేకపోయారు. పొగో మంచో తేలని బూడిదరంగు మూత ఒకటి ఊరి మీద బోర్లించినట్టుంది. సూర్యుడు ఎక్కడో వెనక, పాలిపోయిన మొహంతో, రావాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు. ఆకు కదలలేదు. ఇళ్ళలోంచి లేచిన పొగ పైకి పోలేక కప్పుల మీదే చతికిలబడింది. ఊపిరి బాగున్నవాళ్ళు కూడా దగ్గుకుంటూ తలుపులు తీస్తున్నారు.

గాలి బాబాయి ఇంట్లో అతని అక్క మంచం మీద కూర్చునే ఉంది. పడుకుంటే ఊపిరందదు. రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, భుజాలు చెవులదాకా ఎత్తి, ఒక్కో ఊపిరినీ లోతు బావిలోంచి చేదినట్టు పైకి లాగుతోంది. ముప్ఫై ఏళ్ళు నూలుమిల్లులో దూది పీల్చిన ఊపిరితిత్తులవి. తల్లి పోయాక ఆ మిల్లు కూలితోనే తమ్ముణ్ణి పెంచింది.

ఆసుపత్రిలో మంచాలు నిండిపోయాయి. ఇంట్లో కరెంటుతో నడిచే ఆక్సిజన్ మిషన్ పెట్టుకుంటే సరిపోతుందని పంపేశారు. జాలిపడి కాంపౌండరు ఒక చిన్న సిలిండరు చేతిలో పెట్టాడు. "నాలుగింటిదాకా వస్తుంది బాబాయ్. ఇంకాస్త సాగుతుందిలే అనుకోకు, సాగదు," అన్నాడు. మిషన్లు అద్దెకిచ్చే దుకాణంలో ఎల్లుండికి గాని లేదన్నారు.

బాబాయికి గాలి అన్న పేరు ఊరు పెట్టింది. అతనిది సైకిలు కొట్టు కాబట్టి సగం, సేవా క్లబ్బులో ఆక్సిజన్ మిషన్లు చూసేది అతనే కాబట్టి సగం.

"ఊరందరికీ గాలి పంచారు, మనింటికొచ్చేసరికి ఖాళీ," అంది భార్య. దెప్పడానికి కాదు. ఏదో ఒకటి అనకపోతే ఏడుపొచ్చేట్టుంది ఆవిడకి.

తొమ్మిదింటికి క్లబ్బు గదికి వెళ్ళాడు. ప్రెసిడెంటుగా ఉన్న మందుల షాపాయన మొక్కలు నాటే కార్యక్రమం బ్యానరు నేలమీద పరిచి మడతలు సాపు చేస్తున్నాడు.

"ఐదు మిషన్లున్నాయి కదయ్యా మనకి!" అన్నాడు బాబాయి చెప్పింది విని.

"రెండు బీరువాలో ఉన్నాయండీ, మోటార్లు కాలిపోయి. మూడు బయటికెళ్ళాయి. ఎవరింటికెళ్ళాయో చెప్పండి."

"నన్నడుగుతావేంటి? మిషన్లు నీ శాఖ."

"ఒక పుస్తకం పెడదామంటే వద్దన్నది మీరే కదా. సేవకి రసీదేంటయ్యా అన్నారు."

"అన్నాను. నువ్వు చప్పట్లు కొట్టావా లేదా?"

కొట్టాడు. అందరికన్నా గట్టిగా కొట్టాడు. సాయం చేసి సంతకం పెట్టించుకోవడం వడ్డీ వ్యాపారం లాంటిదని ఆ రోజు అందరూ అనుకున్నారు. ఇచ్చి మర్చిపోవడమే గొప్ప అనుకున్నారు. నిజంగానే మర్చిపోయారు.

"ఫొటోలున్నాయిగా," అన్నాడు ప్రెసిడెంటు గోడ చూపించి.

మిషను ఇచ్చినప్పుడల్లా తీసిన ఫొటోలు వరసగా వేలాడుతున్నాయి. అన్నింటిలోనూ నడుమ ప్రెసిడెంటే. ఒకదాంట్లో రిటైరైన పోస్టుమాను. ఒకదాంట్లో కుట్టుపని చేసే అమ్మాయి, పక్కన ఆమె భర్త. మూడోదాంట్లో ప్రెసిడెంటు పొట్ట, బ్యానరు, మిషను నిండుగా ఉన్నాయి. పుచ్చుకున్న మనిషి ఉండాల్సిన చోట ఒక మోచెయ్యి ఉంది.

"ఈ మోచెయ్యి ఎవరిదండీ?"

ప్రెసిడెంటు కళ్ళజోడు పైకి జరిపి చూశాడు. "నాది మాత్రం కాదు."

"మీ కారుంటే త్వరగా తిరగొచ్చు."

"కార్యక్రమం నెత్తిమీద పెట్టుకుని ఎలా వస్తానయ్యా? సాయంత్రం వస్తాలే, ఇద్దరం వెతుకుదాం."

"మా అక్కకి సాయంత్రం లేదండీ," అన్నాడు బాబాయి. ఆ ఫొటో మేకు నుంచి తీసి, చంకలో పెట్టుకుని బయటికొచ్చాడు.

పోస్టుమాను ఇల్లు ఊరి ఆ చివర. పెద్దాయన వాకిట్లో గోళ్ళు తీసుకుంటున్నాడు. మనిషి గుండ్రాయిలా ఉన్నాడు.

"రావయ్యా గాలీ! నాకు తగ్గి ఏడాది దాటింది. మీ చలవే."

"మిషను తీసుకెళ్దామని వచ్చానండీ."

"మిషనా? మా వియ్యంకుడి తమ్ముడికి ఆయాసమంటే బస్సులో వేసి పంపించాను. ఇక్కణ్ణుంచి పన్నెండు గంటల దారి."

"ఒక్కమాట క్లబ్బుకి చెప్పాలి కదండీ."

"మంచిపనికి చెప్పడమెందుకయ్యా? సేవ ఒకచోట ఆగిపోకూడదని మీ ప్రెసిడెంటే ఆ రోజు ఉపన్యాసమిచ్చాడు. నేను ఆగనివ్వలేదు." పెద్దాయన నవ్వాడు. అందులో కల్మషం లేదు. తిట్టడానికి కూడా చోటు దొరకలేదు బాబాయికి.

కుట్టుపని అమ్మాయి ఇల్లు మారింది. పాత వీధిలో నలుగురిని అడిగి, రెండు తప్పు గుమ్మాలు తట్టి, ఒంటిగంటన్నరకి చేరాడు. మెట్ల కిందే మిషను చప్పుడు వినబడింది.

"అమ్మయ్య, ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా బాబాయ్! ఫిల్టరు మూసుకుపోయింది. ఎవర్ని పిలవాలో తెలీలేదు," అంది ఆమె దారపు ముక్క నోట్లోంచి తీస్తూ.

భర్త కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు, ముక్కున గొట్టంతో. కార్లకి రంగులు కొట్టేవాడు. ఆ రంగే లోపలికి పోయింది. చెయ్యెత్తి దణ్ణం పెట్టాడు. బాబాయి ఫిల్టరు ఊడదీసి, కుళాయి కింద కడిగి, విదిలించి, గుడ్డతో ఒత్తి మళ్ళీ పెట్టాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. కళ్ళు మాత్రం గోడమీది ప్లగ్గు మీదే ఉన్నాయి.

"రోజుకెన్ని గంటలు పెట్టుకుంటాడమ్మా?"

"పదహారు గంటలకి తగ్గొద్దన్నారు. అన్నం తినేటప్పుడు మటుకు ఓ అరగంట తీసేసి కూర్చుంటారు."

అరగంట ఉండగలిగినవాడు గంట ఉండలేడా? గంట ఉంటే రెండు ఉండలేడా? బాబాయి మనసు పాడులెక్క వేసింది. మిషను క్లబ్బుది. తీసుకుంటే కాదనేవాళ్ళు లేరు. చెయ్యి వెళ్ళి ప్లగ్గు మీద పడింది.

"రెండు రోజులకి... క్లబ్బుకి కావాలమ్మా," అన్నాడు. ఆ గొంతు తనది కాదనిపించింది.

"మరి ఈయనకి?"

కుర్చీలో మనిషి ఇద్దరి మొహాలూ చూశాడు. గొట్టం ముక్కునుంచి తీసి, రెండు చుట్లు చుట్టి, ముందుకి చాపాడు. "తీస్కెళ్ళు బాబాయ్. మీదే కదా. ఇన్నాళ్ళు ఇచ్చారు, అదే పదివేలు."

అతని పెదాలు అప్పటికే రంగు మారుతున్నాయి. బాబాయి గొట్టం అందుకుని అతని ముక్కుకి తిరిగి తగిలించాడు. చెవుల వెనక సర్దాడు. "ఏం లేదు, ఊరికే అడిగాను," అని మెట్లు దిగిపోయాడు. వెనకనుంచి ఆమె, "బాబాయ్, మంచినీళ్ళన్నా తాగి..." అంటూనే ఉంది.

వీధిలోకొచ్చి ఇంటికి ఫోను చేశాడు.

"సిలిండరు ముల్లు ఎర్రగీతలోకి దిగింది," అంది భార్య. "వదిన మాట్లాడ్డం మానేసింది. మీరెక్కడున్నారు?"

"వస్తున్నా."

"దొరికిందా?"

ఫోను పెట్టేశాడు. రెండు దాటి పది నిమిషాలైంది. కాలవ గట్టున కూలబడి ఫొటో ఒళ్ళో పెట్టుకున్నాడు. నీళ్ళలో కొట్టుకుపోయేవాడు గడ్డిపరక పట్టుకున్నట్టు ఆ మోచేతినే చూశాడు. మోచెయ్యి ఏం చెబుతుంది? అప్పుడు కనబడింది, బ్యానరు అంచు వెనక, గోడకి చేరేసిన ఆడవాళ్ళ సైకిలు. ముందు బుట్ట ఊడిపోతే ఇత్తడి తీగతో మూడు చోట్ల బిగించిన కట్టు. మనిషి మొహం మర్చిపోయాడు గాని, తన చేతి కట్టు మర్చిపోతాడా?

అది బడి ఆయమ్మ సైకిలు. ఆవిడ భర్త పోయి ఎనిమిది నెలలు. ఆ సంగతి కొట్టు దగ్గర ఎవరో అంటే విన్నాడు. అప్పుడు చేతిలో టైరుంది. అయ్యో అన్నాడు. టైరు ఎక్కించాడు.

అంటే ఆ మిషను ఖాళీగా ఉంది!

ఎలా తొక్కాడో అతనికే తెలీదు. ఆయమ్మ గేటు దగ్గర సైకిలు దిగి చెవి ఒగ్గాడు. లోపల మిషను నడుస్తోంది. ఇంకెవరో ఉన్నారన్నమాట, ఇంకెవరికో ఊపిరి కావాలన్నమాట.

ఆయమ్మ తలుపు తీసింది. చిన్నగది. మంచం మీద దుప్పటి నలగకుండా పరిచి ఉంది. దిండు మీద గొట్టం ఉంది. మనిషి లేడు. మిషను తన మానాన తాను గుర్రుమంటూ ఖాళీ దిండుకి గాలి ఊదుతోంది.

"ఎవరికమ్మా ఇది?"

"నాకే," అంది ఆవిడ. "ఆపితే ఇల్లు నా మీద పడ్డట్టుంటుంది. మూడేళ్ళు ఈ చప్పుడులోనే పడుకున్నాను. ఇది నడుస్తుంటే పక్కగదిలో ఉన్నాడనుకుంటాను. పిచ్చిదాన్ననుకో, నాకేం ఫరవాలేదు."

"మా అక్కకి కావాలమ్మా. నాలుగింటితో సిలిండరు అయిపోతుంది."

"ఇవ్వను."

"అమ్మా..."

"ఇవ్వనన్నానా! ఇచ్చిన రోజు పదిమంది వచ్చారు. నన్ను పక్కకి జరుగమ్మా, జరుగమ్మా అని ఫొటో తీసుకున్నారు. ఆయన పోయిన రోజు మీ క్లబ్బునుంచి ఒక్క పురుగు రాలేదు. ఇప్పుడు మిషను గుర్తొచ్చిందా?"

తప్పు క్లబ్బు మీదికి, ప్రెసిడెంటు మీదికి నెట్టేయొచ్చు. బాబాయికి నెట్టబుద్ధి కాలేదు. గడపమీద కూర్చుండిపోయాడు.

"రాలేదమ్మా. నేనూ రాలేదు. నాకు తెలిసి కూడా రాలేదు."

గోడమీద గడియారం మూడుంపావు చూపిస్తోంది. ఆవిడ అతని నెత్తినే చూస్తూ నిలబడింది. తర్వాత మిషను దగ్గరికెళ్ళి, దాని మీద అరచెయ్యి పెట్టి, కాసేపు ఆ వణుకు చేతిలోకి తీసుకున్నట్టుండి, స్విచ్చి ఆపేసింది. చప్పుడు పోయింది. ఆవిడ మొహంలో కళ కూడా దాంతోపాటే పోయింది.

"పట్టుకో. నేనూ వస్తాను. ఈ ఇంట్లో ఇప్పుడు కూర్చోలేను."

పాత ట్యూబు ముక్కలతో మిషనుని క్యారియరుకి బిగించాడు. హ్యాండిలు అతను పట్టుకున్నాడు, వెనక నుంచి ఆవిడ తోసింది. డెబ్బై ఏళ్ళ మనిషి, చెప్పు తెగితే అక్కడే వదిలేసి ఒంటికాలి చెప్పుతో నడిచింది. ఎత్తు దగ్గర ఇద్దరికీ రొప్పు వచ్చింది. ఆగుదామని ఎవరూ అనలేదు.

ఇంట్లోకి అడుగుపెట్టేసరికి ముల్లు సున్నా మీద పడుకుంది. అక్క పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. భార్య ఆవిడ వీపుకి తన భుజం ఆనించి కూర్చుని, ఏడుస్తూ, విసనకర్ర విసురుతోంది. బాబాయి ప్లగ్గు పట్టుకుని గోడంతా వెతుకుతున్నాడు. ఆయమ్మ అతణ్ణి పక్కకి నెట్టి ప్లగ్గు పెట్టింది, గొట్టం విప్పింది, అక్క తల ఒడిసి పట్టి ముక్కుకి తగిలించింది. మూడేళ్ళ అలవాటు.

"ముక్కుతో పీల్చు తల్లీ. నోరు ముయ్యి. నాతోపాటు పీల్చు. ఆఁ. ఇంకోటి."

మిషను మీద ఎర్రదీపం పచ్చబడటానికి ఐదు నిమిషాలు పట్టింది. ఆ ఐదు నిమిషాలూ గదిలో నలుగురూ ఒకే ఊపిరి పీల్చారు. భుజాలు కొంచెం కిందికి దిగాయి. కొంచెమే. ఈసారికి గట్టెక్కిందని అందరికీ తెలుసు. ఈసారికే అనీ తెలుసు.

అక్క కళ్ళు తెరిచి తమ్ముణ్ణి వెతుక్కుంది. "ఒరేయ్," అంది. "పొద్దున్నుంచీ తిన్లేదు కదూ నువ్వు."

భార్య లేచి అన్నం పెట్టింది. నాలుగు కంచాలు మంచం చుట్టూ నేలమీద చేరాయి. ఆయమ్మ మిషనుకి వీపు ఆనించి కూర్చుంది. బాబాయి ఒక ముద్ద మెత్తగా కలిపి అక్క నోటికి అందించాడు. ఆవిడ నమిలి మింగేదాకా ఆగి, ఇంకోటి కలిపాడు. తర్వాత తన కంచం దగ్గరికి లాక్కున్నాడు. మిషను గుర్రుమంటూనే ఉంది. నలుగురూ తిన్నారు.