ఎవరూ పిలవని వేళ

శనివారం మధ్యాహ్నం రెండున్నరకల్లా భర్త చొక్కాలు ఆరూ ఇస్త్రీ అయిపోవాలి, అత్తగారికి ఫ్లాస్కులో టీ పోసి పెట్టాలి, రాత్రి వంట సగమైనా అయి ఉండాలి. అప్పుడు గాని ఆమె గడప దాటడానికి లేదు. అయిదో చొక్కా కాలరు మీద ఉండగా భర్త పేపరు మడిచి, “ఇవాళ ఆ జైలు మనిషిని పంపించేస్తారా, లేకపోతే నువ్వే మానేస్తావా? రెండిట్లో ఏదో ఒకటి తేల్చుకుని రా,” అన్నాడు.

“మానేస్తే పీడా పోతుంది,” అంది అత్తగారు మంచం మీంచి. “శనివారం వస్తే ఈ ఇంట్లో నన్ను పలకరించే దిక్కుండదు.”

ఆ జైలు సంగతి ఇంట్లో చెప్పింది తనే. చెప్పాక నాలుక్కరుచుకుంది.

గ్రంథాలయం మేడ మీద గదిలో శనివారాలు మూడింటి నుంచి అయిదింటి దాకా చదరంగం ఆడతారు. నడిపేది రిటైరైన లెక్కల మాస్టారు. పదిమంది మగవాళ్ల మధ్య ఆమె ఒక్కతే ఆడది. “మన బల్ల మీద మంత్రే గాని రాణి లేదు, ఆ లోటు మీరు తీర్చారు,” అని మాస్టారు మొదటిరోజే అన్నారు. అప్పట్నుంచి అందరికీ ఆమె రాణీగారు. పళ్ల డాక్టరు దగ్గర చీటీలు రాసే ఉద్యోగంలో, రోగులందరి ముందూ “ఏమ్మా, కూర్చునే నిద్రపోతున్నావా?” అనిపించుకునే మనిషికి, వారానికి రెండు గంటలు రాణిగా ఉండటం చిన్న విషయం కాదు. ఆ రెండు గంటల కోసం ఇంట్లో ఏడాది పోట్లాడింది. మాస్టారు ప్రతివారం ఒక చదరంగం చిక్కు కాగితం మీద గీసి ఆమెకే ఇచ్చేవారు. దాన్ని కొంగున ముడేసుకున్నంత భద్రంగా తీసుకెళ్లి, కూర తరుగుతూ మనసులోనే విప్పుకునేది.

రెండు నెలల కిందట లాండ్రీలో పనిచేసే ఒకావిడ వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి, అడిగితే తప్ప మాట్లాడదు. మొదటిరోజే రాణీగారి ఆట ఇరవై ఎత్తుల్లో కట్టేసింది. “ఇక ఇద్దరు రాణులన్నమాట,” అన్నారెవరో. అందరితోపాటు తనూ నవ్వింది గాని కడుపులో కుంపటి రాజుకుంది. పై వారం మాస్టారు గీసిన కాగితం లాండ్రీ ఆవిడ చేతికి వెళ్లింది. ఆ చేతుల వంక చూసింది. సబ్బుకి తెల్లబడి ఒరిసిపోయిన వేళ్లు. ఈ వేళ్లకి ఇంత ఆట ఎక్కణ్ణుంచి వచ్చింది? నాకెందుకు రాలేదు? ఆ వారమంతా కూరలో ఉప్పు తప్పింది, చీటీల్లో పేర్లు తప్పాయి.

అందుకే, క్లినిక్‌లో నర్సు ఒకరోజు “ఆవిడా? మా వీధే. మనిషిని కొట్టి ఏడేళ్లు జైల్లో ఉండొచ్చింది,” అన్నప్పుడు, ఆమెకి ముందు భయం వేయలేదు. సంతోషం వేసింది. ఎండలో నడిచొచ్చి చల్లటి నీళ్లు తాగినంత హాయిగా ఉంది. ఆ సాయంత్రమే ఆటకొచ్చే ఎలక్ట్రికల్ షాపతని దగ్గర ఆగి, “మీలో పెట్టుకోండి,” అంటూ చెప్పేసింది. అతనిలో అది గంట కూడా ఆగలేదు.

ఈ శనివారం ఆమె వెళ్లేసరికి ఎవరూ పావులు పేర్చలేదు.

“నేను మనవరాలిని తీసుకొస్తాను. రేపేదైనా జరిగితే ఎవరు జవాబుదారీ?” అన్నారు పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన ఒక తాతగారు. ఆయన గొంతులో ఉన్నది నిజమైన భయమే.

“శిక్ష అనుభవించి వచ్చింది. ఇంకా ఎన్నాళ్లు?” అన్నారు మాస్టారు. “చేరిన రోజే ఆవిడ నాకు చెప్పింది.”

“మీకు చెబితే మాకు చెప్పినట్టా?” అన్నారు తాతగారు.

లాండ్రీ ఆవిడ లేచి నిలబడింది.

“మా ఆడపడుచుని కొట్టానండి. చేతిలో పెనం ఉంది, దాంతోనే. ఆమె కుడిచెయ్యి ఇప్పటికీ పైకి లేవదు. ఆరోజు ఆమె పెద్ద మాటేం అనలేదు. ఇంకో రెండు రొట్టెలు చెయ్యమంది. అంతే. పదకొండేళ్లుగా ఉన్న కోపం ఆ మాట మీద దిగింది. ఆమె తప్పేం లేదు. మీరు భయపడటంలోనూ తప్పు లేదు.”

రాణీగారి నోట్లోంచి తను అడగాలనుకోని ప్రశ్న వచ్చింది. “ఈ ఆట ఎక్కడ నేర్చుకున్నారు?”

“అక్కడేనండి. మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగున్నర దాకా ఖాళీ. ఎవరూ పిలిచేవాళ్లు కాదు. పెళ్లయ్యాక అంతసేపు ఒకచోట కూర్చోవడం నాకదే మొదటిసారి.”

రోజూ రెండున్నర గంటలు! ఏడేళ్లు! రాణీగారి మనసు గబగబా హెచ్చవేసుకుంటూ పోయింది, ఈర్ష్యతో కళ్లు మండాయి. ఒక్క క్షణమే. తను ఈర్ష్య పడుతున్నది జైలు మీద అని తెలిసేసరికి లేచి నిలబడింది.

“ఈ మాట బయటపెట్టింది నేను,” అంది. “భయపడి కాదు. ఆటలో ఓడిపోలేక. నా మాట విని ఎవరూ ఈవిడని పంపించొద్దు. పంపించాలనుకుంటే మీ భయాన్ని బట్టి పంపించండి.”

చేతులెత్తించారు మాస్టారు. ఏడుగురు ఉండనిమ్మన్నారు. తాతగారు మనవరాలి చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయారు. ఆయన్ని ఎవరూ తప్పుపట్టలేదు, ఆపనూ లేదు.

వాళ్లిద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. “క్షమించండి,” అంది రాణీగారు బంట్లు పేరుస్తూ.

“మీరే చెప్పుంటారనుకున్నాను,” అంది లాండ్రీ ఆవిడ. “మీరు గుర్రాన్ని బల్ల మీద పెట్టరండీ, కొడతారు. నేనూ అలాగే గిన్నెలు పెట్టేదాన్ని.”

ఆరోజు కూడా రాణీగారే ఓడిపోయింది. కుంపటి ఆరలేదు. అయినా అయిదున్నర దాకా లేవలేదు.

ఇంటికొచ్చేసరికి భర్త గుమ్మంలోనే ఉన్నాడు. “ఏం తేల్చారు?”

“ఆవిడ ఉంటుంది. నేనూ ఉంటాను. బుధవారం సాయంత్రాలు కూడా వెళ్లి ఆవిడతో ఆడదామనుకుంటున్నాను. ఆ పూట వంట మీరు చూసుకోండి.”

“వారానికో పూట చాలదా? మళ్లీ ఇదెందుకు?”

ఆమె చెప్పులు విప్పి, గొంతు పెంచకుండా చెప్పింది.

“కాసేపు నన్నెవరూ పిలవకుండా ఉండాలంటే నేనూ జైలుకే పోవాలా అండీ?”