రెండు సెకన్ల లైను

నేను రాసిన కోడు లైబ్రరీని తీసేస్తున్నామని మీటింగులో అందరి ముందూ చెప్పేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. చెప్పింది ఎవరనుకున్నారు? చేరి మూడు నెలలైనా నిండని కొత్త టీమ్ లీడు. నా కూతురంత ఉంటుంది.

"ఇప్పుడు ప్రామిస్‌లు భాషలోనే ఉన్నాయి కదా సార్. మన సొంత లైబ్రరీ ఇంకా ఎందుకు?" అంది.

ఎందుకా? మాది బస్సు టికెట్ కౌంటర్లకు సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీ. సీటు ఖాళీగా ఉందా అని సర్వర్ని అడిగితే జవాబు ఆ క్షణమే రాదు. వచ్చేదాకా ప్రోగ్రాము బిగుసుకుపోకుండా, "జవాబు రాగానే పిలుస్తాను, ఈలోగా నీ పని చూసుకో" అని దాని చేతికో టోకెన్ ఇవ్వాలి. ఆ టోకెనే ప్రామిస్. పదకొండేళ్ల కిందట మేము ప్రోగ్రాములు రాసే భాషలో అది లేదు. నాలుగు నెలలు తిండీ నిద్రా మాని నేనే రాశాను. ఆ ఆఫీసులో నాదని చెప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే. అదీ పోతే నేను ఉన్నా లేనట్టే.

తీసేసే ముందు ఫైలు తెరిచి ఇద్దరం లైను లైనూ చూస్తూ వచ్చాం. ఒకచోట ఆమె ఆగింది.

"సార్, ఇక్కడ ఊరికే రెండు సెకన్లు ఆగమని ఉందేంటి?"

అప్పట్లో సర్వరు సగం సగం జవాబులు పంపేది. దాన్ని నానా తిట్లూ తిట్టి, జవాబొచ్చినా మిగతా సగం కోసం రెండు సెకన్లు ఆగమని రాశాను. పక్కనే "రేపు తీసెయ్యాలి" అని రాసుకున్నాను. ఆ సర్వరు ఎప్పుడో పాత సామాన్లవాడి పాలైంది. ఆ రేపు మాత్రం రానే లేదు.

"అంటే పదకొండేళ్లుగా, ప్రతి టికెట్టుకీ..."

"లెక్కలొద్దులేమ్మా" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఇక లైబ్రరీని వదులుకున్నాను.

మర్నాడు పొద్దున్నే కౌంటర్ల నుంచి ఫోన్లు మొదలయ్యాయి.

"మీ సాఫ్ట్‌వేర్ చెడిపోయిందండీ! నొక్కీ నొక్కగానే సీటు ఇచ్చేస్తోంది. అసలు చూస్తోందా, నోటికొచ్చింది చెప్తోందా?" అన్నాడో గుమస్తా.

నమ్మకం కుదరక అందరూ రెండోసారి నొక్కుతున్నారు. ఒకే మనిషికి రెండేసి సీట్లు! ఒకాయన పక్క సీటు కూడా తనదేనని కాళ్లు చాపుకుని కూర్చున్నాడట. మా లీడు రెండో నొక్కుడు పనిచేయకుండా చేసింది. అప్పుడు బటనే చచ్చిపోయిందని ఫోన్లు. వేగం మంచిదేనని ఆ అమ్మాయి గొంతు పోయేలా చెప్పినా ఒక్కరూ వినలేదు.

సాయంత్రం నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. "సార్... ఆ లైను మళ్లీ పెట్టేద్దామా?"

నేనే టైపు చేశాను. పక్కన "రేపు తీసెయ్యాలి" అని ఉండేచోట ఆమె "ఎవరూ ముట్టుకోవద్దు" అని రాసి, కింద నా పేరు పెట్టింది. నాకు కళ్లు చెమర్చాయి.

ఇంటికెళ్లగానే మా ఆవిడకి గొప్పగా చెప్పాను. "నా నాలుగు వేల లైన్లలో ఒక్కటి నిలబడింది!"

"ఏం చేస్తుందండీ అది?"

"చెయ్యడానికేముంది? రెండు సెకన్లు ఊరికే కూర్చుంటుంది."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "అయితే మీరు రాసిందే" అంది.