చెంచాడు పల్చటి టీ

అత్తగారి చేతి టీ ఎలా ఉండేదో ఆ వీధిలో ఎవరినడిగినా చెబుతారు, ఒక్క అల్లుడు తప్ప. అతను గడియారాలు బాగుచేసే మనిషి. ముందుగదే అతని కొట్టు. కిటికీ పక్కన బల్ల వేసుకుని, కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చున్నాడంటే పక్కన పిడుగు పడ్డా తలెత్తడు. ఆమె గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లేది. అది చల్లారి మీగడ కట్టాక ఎప్పటికో గుర్తొచ్చి, మందు మింగినట్టు ఒక్క గుక్కలో తాగేసేవాడు.

పెళ్లికి ముందు మొదటిసారి పిల్లను చూడడానికి వాళ్లింటికి వెళ్లినప్పుడు టీ ఎలా కావాలని ఆమె అడిగింది. మర్యాదగా ఉంటుందనుకుని, ఎలా ఉన్నా పర్వాలేదండి అన్నాడు. ఆమె లోపలికి వెళ్లి కూతురితో, "టీ ఎలా ఉన్నా పర్వాలేదనేవాడికి పెళ్లాం ఎలా ఉన్నా పర్వాలేదే. చేసుకో, సుఖపడతావు" అందట. ఆ మాట తలుచుకుని ఇంటిల్లిపాదీ ఎన్నిసార్లు నవ్వారో. అతనూ నవ్వేవాడు. మామగారు పోయాక ఆమె కూతురింటికే వచ్చేసింది. వచ్చిన రోజే పొయ్యి దగ్గర టీగిన్నెకు చోటు చూసుకుంది. ఆ గిన్నె జోలికి ఎవరినీ రానిచ్చేది కాదు. కూతురు నేర్పమంటే, నేను పోయాక నేర్చుకుందువుగాని, తొందరేముంది అనేది.

అలాంటి మనిషికి ఒకరోజు పొద్దున పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, కుడి బుగ్గ పడిపోయాయి. మాట కూడా పోయింది. మాటల పుట్టలాంటి మనిషికి ఒకే ఒక్క మాట మిగిలింది. కాదు.

ఆకలేస్తోందా అంటే కాదు. నొప్పిగా ఉందా అంటే కాదు. కూతురు ఉద్యోగం నుంచి ఇంటికొస్తే ప్రేమగా 'కాదు', కిటికీ మూస్తే కోపంగా 'కాదు'. ఆసుపత్రి నుంచి వారానికోసారి మింగడం నేర్పడానికి వచ్చే అమ్మాయి వాళ్లకు ఓపికగా చెప్పింది. "ఆ మాటను పట్టుకోకండి బాబాయ్‌గారూ. ఆవిడ నోటికి అదొక్కటే అందుతోంది. ముఖం చూడండి, చెయ్యి చూడండి." ముఖంలో సగమే కదులుతుంది. ఆ సగంతో ఆమె ఏం చెబుతోందో, భూతద్దం పెట్టుకుని చూసినా అతనికి అంతుపట్టేది కాదు.

పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకునేటప్పుడు అతనికి ఒకటే సందేహం వచ్చేది. అన్ని మాటలూ తీసుకున్నవాడివి, ఎలాగూ ఒకటి వదిలావు గదా, ఆ ఒక్కటీ 'అవును' అయితే నీ సొమ్మేం పోయేది తండ్రీ? అడిగాక, ఆయన్నే నిలదీస్తున్నానా అని నాలుక కరుచుకునేవాడు.

ఆ అమ్మాయే ఇంకో సంగతి కూడా చెప్పింది. మింగే కండరాలు బలహీనపడ్డాయి గనుక నీళ్లయినా టీ అయినా పల్చగా ఇస్తే ఊపిరితిత్తుల్లోకి జారిపోతాయి. ఆమెకు ఏది తాగించినా అందులో ఒక తెల్లటి పొడి కలపాలి. చెంచాలోంచి తేనెలాగా మెల్లగా జారితేనే ఇవ్వాలి. కడుపులోకి సరిపడా వెళ్లకపోతే డాక్టరుగారు ముక్కులోంచి గొట్టం వేస్తారు. గొట్టం మాట వినగానే ఆమె ఎడమచేత్తో ముక్కు మూసుకుంది. అది మాత్రం అందరికీ అర్థమైంది.

కూతురు పొద్దున్నే ఉద్యోగానికి వెళ్లాలి. ఇంటిపట్టున ఉండేది అల్లుడే. కాబట్టి టీ అతని మెడకు పడింది.

వేడి టీలో పొడి వేస్తే ఉండలు కట్టింది. చల్లార్చి వేస్తే జిగురైంది. ఉండలు వడకడితే మళ్లీ పల్చబడింది. గడియారంలోని వెంట్రుకంత స్ప్రింగు చిక్కు తీయగల చేతులకు ఆ చెంచా లొంగలేదు. పొడి రుచిని మింగేస్తోందని తోచి ఆకు ఎక్కువ వేశాడు, ఇంకాసేపు మరిగించాడు, చక్కెర పెంచాడు. భార్య ఒకసారి వేలితో నాకి చూసింది. "ఏవండీ, దీంతో మీ కొట్టు బోర్డు ఊడిపోకుండా అంటించుకోవచ్చు" అంది. నవ్వబోయి, తల్లి మంచం వైపు చూసి, వంటింట్లోకి వెళ్లి కొళాయి తిప్పింది.

అత్తగారు మొదటి చెంచా నోట్లోకి తీసుకునేది. రెండో చెంచాకు కాదు అని ముఖం తిప్పుకునేది. నీళ్లూ అంతే, జావా అంతే. పెదాలు ఎండిపోయాయి. చేతి మీద చర్మం పట్టుకుని వదిలితే మడత అలాగే ఉంటోంది. ఈసారి వచ్చినప్పుడు ఆ అమ్మాయి ఆ మడత చూసింది. గుమ్మం దాటాక, వచ్చే వారానికల్లా తాగడం పెరగకపోతే ఇక గొట్టమే బాబాయ్‌గారూ అని చెప్పి వెళ్లింది.

ఆ మధ్యాహ్నం అతను తనకోసం కాసిని టీ పెట్టుకుని గ్లాసుతో ఆమె మంచం పక్కన కూర్చున్నాడు. ఆమె ఎడమచెయ్యి లేచింది. గ్లాసు అంచును తాకి అక్కడే ఉండిపోయింది. కళ్లు ఆవిరి మీదే ఉన్నాయి.

వద్దని అతనికి తెలుసు. చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పారు గదా. కానీ ఎండిన ఆ పెదాలు చూస్తుంటే, కుండెడు జిగురు పోయడం కంటే చెంచాడు టీ పాపమా అనిపించింది. ఒక్క చెంచా రుచి తగిలితే నోరు తెరుచుకుంటుందేమో, ఆ తర్వాత పొడి కలిపినదీ తాగుతుందేమో అని కూడా అనిపించింది. మనసు ఒక పని చేయాలనుకుంటే సాకులకు కరువా?

ఊది, చల్లార్చి, చెంచా పెదాల దగ్గర పెట్టాడు.

"కాదు" అంది ఆమె.

ఆ మాటను పట్టుకోవద్దన్నారు. ముఖం చూడమన్నారు. ముఖం చూశాడు. కళ్లు చెంచా మీదే ఉన్నాయి. పెదాలు కొంచెం తెరుచుకున్నాయి. పోశాడు.

ఆమె కళ్లు మూసుకుంది. ఎడమ బుగ్గ మెత్తబడింది. ఆ క్షణంలో ఆ గదిలో జబ్బే లేదు. తర్వాత దగ్గొచ్చింది. గట్టిగా దగ్గే బలం లేని దగ్గు, లోపలే తచ్చాడే దగ్గు. ముఖం నల్లబడింది. అతను వీపు రాశాడు, పేరు పేరునా దేవుళ్లను పిలిచాడు. దగ్గు తగ్గింది గాని, మర్నాటికి జ్వరం పట్టుకుంది.

ఆసుపత్రి వరండాలో భార్యకు ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. చెంచా దగ్గరికి తెచ్చినప్పుడు ఆమె కాదందని కూడా చెప్పాడు. తిడితే బాగుండుననుకున్నాడు. భార్య అతని పక్కకు జరిగి కూర్చుంది. "మీరు ఇవ్వకపోతే రేపో ఎల్లుండో నేనిచ్చేదాన్ని" అంది. ఆ మాట అతనికి ఊరట కాలేదు. ఆ కాదు ఏ కాదో చెప్పగలిగింది ఒక్క మనిషి. ఆ మనిషిని అడిగితే వచ్చే జవాబు అతనికి తెలుసు.

జ్వరం తగ్గింది. గొట్టం మాత్రం పడింది. ఇంటికి తెచ్చాక నీళ్లు, జావ, మందులు అన్నీ అందులోంచే వెళ్లేవి. ఇక ఆమె చేతి చర్మంలో మడత నిలవడం లేదు. అతను ఇంట్లో టీ పెట్టడం మానేశాడు. ఆమె ఎదుట ఆ వాసన రానివ్వడం అన్నం తినలేనివాడి ముందు విస్తరి పరచడమేననుకున్నాడు.

ఒకరోజు చక్రాల కుర్చీలో కూర్చోబెడితే ఆమె ఎడమచేత్తో వంటింటి వైపు చూపించింది. తీసుకెళ్లాడు. గూట్లో బోర్లించిన టీగిన్నెను చూపించింది. అతను తల అడ్డంగా ఊపాడు.

"వద్దత్తయ్యా. ఇంకోసారి నా వల్ల కాదు."

ఆమె మళ్లీ గిన్నెను చూపించింది. తర్వాత అతని గుండె మీద వేలు పెట్టింది. నీకు అన్నట్టుంది. అన్నట్టుందని అతను అనుకున్నాడు.

నీళ్లు పోశాడు. కాదు. కొంచెం తీశాడు, ఊరుకుంది. నీళ్లు తెర్లకముందే ఆకు వేయబోతే కాదు అని మణికట్టు పట్టుకుంది. తెర్లాక వదిలింది. పాలు పోశాక పొంగు వస్తే దించబోయాడు, మళ్లీ పట్టుకుంది. మంట తగ్గించాడు. పొంగు అణిగి మళ్లీ లేచింది, మళ్లీ అణిగింది. అతని మణికట్టు మీద ఆమె వేళ్లు అలాగే ఉన్నాయి. ముఖం గిన్నె మీదికి వంచి ఆమె ఏ రంగు కోసం చూస్తోందో, ఏ వాసన కోసం చూస్తోందో అతనికి తెలియలేదు. ఉన్నట్టుండి వేళ్లు వదులయ్యాయి.

వడకట్టి గ్లాసులో పోసుకుని, బల్ల దగ్గరికి పోకుండా అక్కడే, ఆమె ఎదురుగా నిలబడి తాగాడు. వేడి వేడిగా, మీగడ కట్టకముందే. బాగుంది. ఇన్నేళ్లూ ఆమె తన బల్ల మీద పెట్టి వెళ్లింది ఈ టీయేనా అని గుర్తు చేసుకోబోయాడు. ఎంత తవ్వుకున్నా ఆ రుచి అందలేదు. ఎన్నడన్నా నాలుక మీద నిలిపితే గదా, ఇప్పుడు అందడానికి.

ఆమె ముక్కు మీది గొట్టం పైనుంచి అతన్నే చూస్తోంది.

"చాలా బాగుందత్తయ్యా" అన్నాడు.

"కాదు" అందామె.

అతను ఆమె ముఖం చూశాడు, చెయ్యి చూశాడు. చెయ్యి ఒళ్లో కదలకుండా ఉంది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆమె చూపు తిప్పలేదు. అతను చివరి చుక్క దాకా తాగి, గ్లాసు కడిగి, గిన్నెను ఎప్పుడూ ఆమె పెట్టే చోటే బోర్లించాడు.